చుక్కల పళ్లేలు పన్నెండు

వ్యాపారం మొదలుపెట్టిన నాడు ఇమ్మానుయేల్ చేతిలో ఉన్న సరుకు ఇది: సెకండ్‌హ్యాండ్ ఎక్సెల్ బండి, దానికి రెండు పక్కలా వేలాడే వెదురు గంపలు, ముల్లు కాస్త ఎడమకు ఒరిగే తక్కెడ, పాత స్పీకరు పగలగొట్టి తీసిన అయస్కాంతం ముక్క, నలభై రెండు స్టీలు గిన్నెలు. ఇరవై ఏళ్లలో బండి రెండుసార్లు మారింది, తక్కెడ ఒకసారి మారింది. పాత ఇత్తడి, రాగి, కంచు తీసుకుని కొత్త స్టీలు ఇవ్వడం అతని పని. చిట్యాల నుంచి జనగామ దాకా ఏ ఇంటి అటక మీద ఏముందో ఆ ఇంటి కోడలికంటే అతనికే బాగా తెలుసు. బేరంలో అతను పాటించే పద్ధతి ఒకటే. కావలసిన వస్తువు వైపు చూడడు. దాని పక్కనున్న దాన్ని చూస్తాడు.

ఆ చలికాలం హైదరాబాదు నుంచి జ్యోత్స్న అనే ఆవిడ ఫోన్ చేసింది. కొత్తగా టిఫిన్ హోటల్ పెడుతోందట.

"గ్రానైట్ వేర్ కావాలండీ. పాతవి. ముప్పై పళ్లేలు. నీలం మీద తెల్ల చుక్కలుండాలి."

"బండతోని తలెలు ఎవలు చేస్తరమ్మా?" అన్నాడు ఇమ్మానుయేల్. వాళ్ల వైపు పళ్లేన్ని తలె అంటారు.

"బండ కాదండీ, పేరు అలా. మీ గోవర్ధన్ గారు మీ దగ్గర దొరుకుతాయన్నారు."

గోవర్ధన్‌కు జనగామలో గిన్నెల దుకాణం ఉంది. ఇమ్మానుయేల్ నేరుగా అక్కడికే పోయాడు. గోవర్ధన్ నల్లటి చుక్కల పెనం ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. "గిదే గ్రానైట్. టీవీల చూపెడ్తరు. అంటుకోదు, మాడది, పెండ్లాం తిట్టది."

ఇమ్మానుయేల్ అయస్కాంతం ఆనించాడు. పట్టలేదు. ఫొటో పంపితే జ్యోత్స్న అది కాదంది. ఎనామిల్ అంది. పోర్సిలిన్ అని కూడా అంటారంది. పోర్సిలిన్ అంటే పింగాణి అని ఎవరో చెబితే ఊళ్లలో పింగాణి అని అడిగాడు. అందరూ ఆవకాయ జాడీలు తెచ్చి ముందు పెట్టారు. చివరికి ఆమే ఒక ఫొటో పంపింది. దాన్ని చూడగానే ఆ పళ్లేనికి చిన్నప్పుడు విన్న పేరు ఇమ్మానుయేల్ నోటిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, "దొరుకుతయమ్మా" అన్నాడు.

ఇనుప రేకు మీద గాజు పూత పోసి కాల్చిన పళ్లెం అది. అంచు పెచ్చు లేస్తే లోపల నల్లగా ఇనుము కనిపిస్తుంది, అయస్కాంతం పట్టుకుంటుంది. వస్తువు ఒకటే గాని ఊరు మారితే పేరు మారుతుంది. జనగామలో సాయిబుల ఇళ్లలో తాంచీని అన్నారు, పది దొరికాయి. మహబూబాబాద్ దాటి గార్లకు పోతే రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైన బాల్‌సింగ్ ఎనామిలు అన్నాడు. అతని దగ్గర ఎనిమిది ఉన్నాయి. భూపాలపల్లి బొగ్గుబావుల వాళ్లు క్యాంటీన్ తలెలు అన్నారు గాని అవన్నీ తెల్లవి, చుక్కలు లేనివి. పదీ ఎనిమిదీ పద్దెనిమిది. ఇంకా పన్నెండు కావాలి.

అన్ని ఊళ్లూ అయ్యాక ఒక ఊరు మిగిలింది. అది ఇమ్మానుయేల్ పుట్టిన ఊరు. అతని వ్యాపారంలో ఆ ఊరు లేదు.

ఆ ఊళ్లో జగపతి అనే భూస్వామి ఇంట్లో ఇమ్మానుయేల్ తండ్రి పౌలు, చిన్నాయిన బుచ్చి పాలేర్లుగా జీతం ఉండేవాళ్లు. ఇమ్మానుయేల్‌కు పన్నెండేళ్లప్పుడు ఒక పొద్దున డప్పు చాటింపు వేశారు: బుచ్చి దొర ఇంట్లో ఇత్తడి బిందె ఎత్తుకుని రాత్రికి రాత్రి పారిపోయాడని. నెల తిరక్కుండా పౌలు అమ్మానాయినలతో, పెళ్లాం పిల్లలతో ఊరు విడిచి చిట్యాల వచ్చేశాడు. తమ్ముడి కోసం, వలస కూలీలు పోయే భీవండికి మూడుసార్లు పోయాడు, సూరత్‌కు ఒకసారి. ఏటా సమాధుల పండుగనాడు క్రైస్తవులందరూ సమాధులకు సున్నం వేసి కొవ్వొత్తులు వెలిగిస్తారు. పౌలు అమ్మకు ఒకటి, నాయినకు ఒకటి వెలిగించి, మూడోది జేబులోనే పెట్టుకుని ఇంటికి వస్తాడు. వెలిగిస్తే తమ్ముడిని తనే చంపినట్టు. వెలిగించకపోతే వాడు దొంగగానే ఎక్కడో బతుకుతున్నట్టు. ఇప్పుడు పౌలుకు డెబ్బై ఆరు. నిరుడు గుండె దవాఖానలో ఉన్నన్ని రోజులూ ఒకటే అడిగాడు, "బుచ్చిగాని సంగతి ఏమన్న తెల్సిందా" అని.

పన్నెండు పళ్లేల కోసం ఇమ్మానుయేల్ ఆ ఊరికి బండి తిప్పాడు.

జగపతి పోయి రెండేళ్లయింది. ఇంట్లో ఆయన కోడలు ప్రేమలత ఒక్కతే ఉంది. మోకాళ్ల నొప్పికి వైద్యం కోసం హనుమకొండలో కూతురి దగ్గరికి మారిపోతోంది, అందుకే సామాను సర్దుతోంది. ఇమ్మానుయేల్‌ను ఆమె గుర్తుపట్టలేదు. జీతగాడి పన్నెండేళ్ల కొడుకును ఎవరు చూసి ఉంటారు గనుక.

"తాంచీని తలెలున్నయా అమ్మా?"

"మా ఇంట్ల తాంచీని ఎందుకుంటదయ్యా."

"ఎనామిలు? చుక్కలుంటయి, నీలంవి."

"లేవు. ఇత్తడి ఉన్నది, సూడు."

ఇమ్మానుయేల్ ఇత్తడి చూశాడు. బాగానే ఉంది. అయినా కదల్లేదు. మింగేసిన పేరును ఇప్పుడు బయటికి తీశాడు.

"బయటి తలెలున్నయా?"

ప్రేమలత చేతిలో గ్లాసులు ఆగిపోయాయి. ఇంటి వాళ్ల పళ్లేల్లో కలవకుండా జీతగాళ్లకు వేరుగా పెట్టే పళ్లేలకు ఆ ఇంట్లో ఉన్న పేరు అది.

"నీకెట్ల తెలుసు ఆ పేరు?"

"యాపారం చేసేటోనికి అన్ని పేర్లు తెల్వాలె గదమ్మా."

ఆమె పెరటి వైపు దారి తీసింది. పశువులు లేని కొట్టం. ఉత్తరపు గోడకు వరసగా పన్నెండు మేకులు, మేకుకొక పళ్లెం. అంచుకు బెజ్జం కొట్టి తీగ కట్టారు. తిన్నవాడే కడిగి తగిలించుకోవాలి. ఒకడిది ఇంకొకడిదాంతో కలవకుండా ఎవరికి వాళ్లు వెనక మేకుతో గీసుకున్న గుర్తులున్నాయి: ఒకదానికి నాగలి, ఒకదానికి చేప, ఒకదానికి రెండు అడ్డగీతలు. పదకొండు పళ్లేలకు బూజు పట్టి ఉంది. పన్నెండోది నిన్న కడిగినట్టుంది.

ఇమ్మానుయేల్ దాన్ని చూడలేదు. దాని పక్కదాన్ని చూశాడు.

"అన్నిటికి పెచ్చులు లేసినయి. పన్నెండు కలిపి ఎనిమిది వందలిస్త."

"పదకొండు తీస్కపో. చివరది ఇయ్య."

"దాంతోనే జత కుదుర్తది అమ్మా. ఇంకో వంద ఎక్కువ తీస్కోన్రి."

అప్పుడు మోగింది. చిన్న మోత. టిక్. ఎవరో గోరుతో అంచు మీద కొట్టినట్టు. ఆగి, మళ్లీ ఒకసారి.

ప్రేమలత కుడితి గాబు అంచు మీద కూర్చుండిపోయింది.

"ఏం లేదమ్మా," అన్నాడు ఇమ్మానుయేల్. "ఎండ తగిలితె ఇనుము సాగుతది, మీదున్న గాజు సాగది. అందుకని మోగుతది. నా గంపల గూడ మోగుతయి."

"ఈడ ఎండ యాడున్నది?"

నిజమే. ఆ గోడకు ఏ పూటా ఎండ రాదు. మిగతా పదకొండూ చప్పుడు లేకుండా ఉన్నాయి.

"పన్నెండున్నర అయితది గిప్పుడు," అందామె. "జీతగాళ్లు బువ్వకు వచ్చే యాల. ముప్పై మూడేండ్ల సంది గంతే. మా అత్తమ్మ ఉన్నన్ని దినాలు అమావాస్య అమావాస్యకు దాంట్ల బువ్వ పెట్టేది. పెట్టినంక నాల్గు దినాలు సప్పుడుండది. ఆమె పోయేటప్పుడు నాకు బీరువ తాళాలిచ్చింది, గీ పని ఇచ్చింది. ఇప్పుడు నేను హనుమకొండ పోతున్న. అపార్ట్‌మెంటుల యాడ పెట్టాలె?"

"ఎవలికి పెట్టేదమ్మా?"

"బుచ్చికి. జీతగాడు."

తక్కెడ గొలుసు ఇమ్మానుయేల్ చేతికి చుట్టుకుని ఉంది. దాన్ని విప్పాడు. మళ్లీ చుట్టాడు. మొహం మాత్రం బేరంలో ఉన్నట్టే పెట్టుకున్నాడు.

"ఎట్ల పోయిండు పాపం?"

తెలియని మనిషి, ఇవాళ వచ్చి రేపు మరిచిపోయే పాత సామానువాడు అనుకుంది కాబోలు. లేదంటే ఆ పేరుతో ఎవరైనా అడుగుతారనే ఇన్నేళ్లూ ఎదురు చూసిందేమో. ప్రేమలత చెప్పింది.

"బిందె బావిల పడ్డది. ఇత్తడిది. పుష్కరాలకు కాళేశ్వరం పోవాలె, గోదావరి నీళ్లు దాంట్లనే తేవాలెనని అత్తమ్మ పట్టువట్టింది. గాలం ఏస్తె తగల్లె. బుచ్చిని దింపిన్రు. అది మేం తాగే బావి. వేరే దినమైతే గట్టు గూడ ముట్టనియ్యకపోదురు. రెండుసార్లు 'కనవడ్తలేదు దొరా' అన్నడు. మూడోసారి అనలె. తాడు ఉత్తగ వచ్చింది. లోపల గాలి మంచిగ లేదన్నరు. ఎవ్వలు దిగలె. మామకు అప్పుడు ఎలక్షన్లు. పోలీసులు వస్తరని, తాగే బావిల వాన్ని దింపిండని ఊరు అంటదని… తెల్లారేవరకు బండ్లతోని మట్టి తోలిచ్చి బావి పూడిపిచ్చిండు. నాకప్పుడు పందొమ్మిదేండ్లు. పెండ్లయి మూడు నెలలు."

ఇమ్మానుయేల్‌కు లెక్కలు త్వరగా వస్తాయి. నేను ఆ బుచ్చి అన్న కొడుకునని ఇప్పుడంటే ఈమె నోరు మూతపడుతుంది. ఇంతవరకు చెప్పింది కూడా చెప్పలేదంటుంది. అనకపోతే కనీసం ఆ పళ్లెం చేతికి వస్తుంది. అనలేదు. పదకొండింటికి ఏడు వందల యాభై లెక్కబెట్టి ఇచ్చాడు. యాభై తగ్గించాడు కూడా. అలవాటు.

"చివరదాన్ని గూడ తీస్కపో," అంది ప్రేమలత. "పైసలొద్దు. అమావాస్యకు ఇంత బువ్వ పెట్టు, సాలు."

"పెడ్త," అన్నాడు.

దారి పొడుగునా గంపలో స్టీలు గిన్నెలు ఒకదానికొకటి తగిలి మోగుతూనే ఉన్నాయి. వాటి మధ్యలో ఇంకో మోత ఉందో లేదో అతను చెప్పలేడు. బండి రెండుసార్లు ఆపి విన్నాడు.

ఇంట్లో ఆ పళ్లేన్ని గోనెసంచిలో చుట్టి బియ్యం డ్రమ్ము వెనక దాచాడు. మిగతా ఇరవై తొమ్మిదీ మరుసటి పొద్దున్నే బస్సు పార్సిల్‌లో వేశాడు. చేతిలో సరుకు ఉన్నంతసేపూ ఆలోచన తెగదు, ముందు సరుకు పంపేద్దామనుకున్నాడు. ఇరవై ఏళ్లుగా అలాగే చేస్తున్నాడు. తండ్రికి ఎలా చెప్పాలో రెండు రోజులు ఆలోచించాడు. మాట ఒక్కటే ఉంది, అది కూడా తనకొక్కడికే వినిపించిన మాట. తండ్రి నమ్మకపోతే? నమ్మి, ఆ గుండె ఆగిపోతే?

మూడో రోజు మధ్యాహ్నం పౌలు మంచం మీద కూర్చుని అన్నంలో చారు కలుపుతున్నాడు. చెయ్యి ఆగింది.

"ఎవలి తలె అది?"

"ఏ తలె బాపు?"

"మోగింది గద. ఇనుప తలె. మనింట్ల అసొంటిది లేదు." పౌలు ఎప్పుడూ చుక్కల పళ్లేన్ని ఇంట్లోకి రానివ్వలేదు. "తే ఇటు."

ఇమ్మానుయేల్ సంచి విప్పి ఇచ్చాడు. పౌలు కళ్లకు పొరలు వచ్చి చాలా కాలమైంది. పళ్లేన్ని బోర్లా తిప్పి వేలితో తడిమాడు. మూడు గీతలు, పక్కన ఒక చుక్క.

"మా బుచ్చిగాంది," అన్నాడు. గొంతులో ఏ మార్పూ లేదు. "యాడ దొర్కింది?"

ఇమ్మానుయేల్ మొత్తం చెప్పాడు. బావి, బిందె, తాడు, మట్టి, అమావాస్య బువ్వ. పౌలు చారన్నం పక్కకు జరిపి చేతులు కడుక్కున్నాడు.

"బువ్వ యాడ పెట్టేదట?"

"కొట్టంల."

"సచ్చినంక గూడ బయటనే పెట్టిన్రు." కాసేపు పళ్లెం అంచు చుట్టూ బొటనవేలు తిప్పాడు. "మిగతయి ఏవి? పన్నెండుండాలె."

"అమ్మిన బాపు. హైదరాబాద్ పోయినయి."

"నాది గూడ ఉండె గదరా అండ్ల. నాగలి గుర్తు."

ఇమ్మానుయేల్‌కు జీవితంలో మొదటిసారి, అమ్మిన సరుకును తిరిగి కొనుక్కోవాలనిపించింది.

"పోనీ తియ్," అన్నాడు పౌలు. "నేను తినంగ చూసినవ్ గద, అది సాలదా. ఇగ ఇను. నాకు పైసలొద్దు. కేసు ఎవల మీద పెడ్తం, పోయినోని మీదనా? డప్పు కొట్టి దొంగన్నరు. ఆ ఊర్లెనే, మంది ఇనంగ, కాదని అనాలె. అంతవరకు నేను కొవ్వొత్తి ముట్టియ్య."

"ఆమె అనది బాపు. ఆమె కొడుకు విక్రమ్ ఆ ఊర్ల సర్పంచ్‌కు నిలవడ్తున్నడట."

"నువ్వు బేరగానివి గద. జేసుకరా బేరం."

ఎగతాళో, ఆజ్ఞో తెలియలేదు. ఇమ్మానుయేల్ ఆ రాత్రి దాన్ని బేరంగానే చూశాడు. ఎదుటి మనిషి దగ్గర తనకు కావలసింది ఉంది. తన దగ్గర ఆ మనిషికి కావలసింది ఏముంది? వదిలించుకోవడం.

మర్నాడు తండ్రిని వెనక కూర్చోబెట్టుకుని, పదకొండున్నరకు చేరేలా బయలుదేరాడు. ప్రేమలత ఇంటి ముందు లారీలో సామాను ఎక్కుతోంది. ఆమె పౌలును చూసి చాలాసేపటికి గుర్తుపట్టింది. గుర్తుపట్టాక ఇమ్మానుయేల్ ఎవరో కూడా అర్థమైపోయింది.

"పౌలువా," అంది. "లోపలికి రా."

"ఈడనే ఉంట అమ్మా," అన్నాడు పౌలు. గేటు పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

ఇమ్మానుయేల్ పళ్లేన్ని ఆమె ముందున్న అరుగు మీద పెట్టాడు.

"తిరిగి తెచ్చిన. మీరు పెట్టిన షరతు నాతోని కాదమ్మా. బుచ్చి మా చిన్నాయిన. మాకు అమావాస్యకు బువ్వ పెట్టే అలవాటు లేదు. దీన్ని మీరే హనుమకొండ తీస్కపోన్రి. అక్కడ గూడ పన్నెండున్నర అయితది."

"మోసం జేసినవ్ నువ్వు. ఎవలవో చెప్పకుండ నా నోట అనిపిచ్చుకున్నవ్."

"అవును," అన్నాడు ఇమ్మానుయేల్. "చేసిన. గిప్పుడు ఇంకో తీరు చెప్త. వాడు బిందె ఎత్కపోలేదని నల్గురు ఇనంగ ఒక్కసారి అనున్రి. ఈ తలె మేం తీస్కపోతం. ఇగ మీకూ దానికీ సంబంధం లేదు."

"నా కొడుకు బతుకు ఆగమైతది."

"ఆలోచన చేస్కోన్రి. మేం ఉంటం."

ఉపాధి పనికి పోయిన ఆడవాళ్లు పారలు భుజాన వేసుకుని తిరిగి వస్తున్నారు. పౌలును చూసి ఇద్దరు ముగ్గురు ఆగారు. "గీయన పౌలు గాదు? బిందె దొంగోని అన్న" అని ఒకామె పక్కామెతో అంది. మెల్లగా అనే అంది గాని అందరికీ వినిపించింది. పౌలు తల ఎత్తలేదు. లారీ డ్రైవర్ బీడీ వెలిగించుకున్నాడు. ప్రేమలత చేతిలో ఫోన్ మోగితే ఆమె తీయలేదు. ఇమ్మానుయేల్ ఆమెను చూడకుండా లారీలో కట్టిన బీరువాను చూస్తూ నిలబడ్డాడు.

పళ్లెం అరుగు మీద, నీడలో ఉంది. మోగింది.

ఆ మాట అన్నామె అటూ ఇటూ చూసింది. ప్రేమలత మెట్లు దిగి, మోకాలు పట్టుకుని, గేటు దాకా వచ్చింది.

"దొంగ కాదు," అంది. "బుచ్చి బిందె ఎత్కపోలె. బిందె బావిల ఉన్నది. బుచ్చి బావిల ఉన్నడు."

వాళ్లలో ముసలామె ఒకతె అడిగింది, "ఈడ బావి యాడున్నదమ్మా?"

ప్రేమలత చెయ్యి చాపింది. పక్కన రేకుల షెడ్డు, సిమెంటు గచ్చు, దాని మీద ట్రాక్టరు. పౌలు నడుచుకుంటూ అటు పోయాడు. చెప్పులు విడిచి గచ్చు మీద నిలబడ్డాడు. ట్రాక్టరు పెద్ద టైరు మీద చెయ్యి వేసి, వెనక్కి తిరక్కుండానే అడిగాడు:

"ఏ దినం?"

"పుష్కరాలకు రెండు దినాల ముందుగాల. పొద్దుగూకంగ."

తరువాత విక్రమ్ రెండుసార్లు ఫోన్ చేసి ఇమ్మానుయేల్‌ను బెదిరించాడు, ఒకసారి బతిమాలాడు. సర్పంచ్‌కు నిలబడ్డాడు గాని గెలవలేదు. అందుకు కారణం ఇదేనని ఊళ్లో కొందరు అంటారు, పంచిన డబ్బు సరిపోలేదని కొందరు అంటారు. ప్రేమలత హనుమకొండలో ఉంది. అక్కడ ఆమెకు మధ్యాహ్నం నిద్ర పడుతోందో లేదో ఇమ్మానుయేల్ అడగలేదు. అతని ఇంట్లో మాత్రం పన్నెండున్నరకు అందరూ ముద్ద చేతిలో పట్టుకుని కాసేపు వింటారు. కొన్నిరోజులు మోగుతుంది, కొన్నిరోజులు మోగదు. మోగిన రోజు పౌలు "తినురా" అంటాడు, అంతే.

సమాధుల పండుగకు నెల ముందు ఇమ్మానుయేల్ జ్యోత్స్నకు ఫోన్ చేసి, వెనక మేకుతో గీసిన గుర్తులున్న పదకొండు పళ్లేల ఫొటోలు పంపమన్నాడు. నాగలి గుర్తున్నది తిరిగి ఇచ్చేస్తే దానికి రెండింతలు ఇస్తానన్నాడు. ఆమె ఎందుకని అడిగింది. చెప్పాడు. ఆమె ఫొటోలు పంపింది, నాగలి పళ్లేన్ని డబ్బు తీసుకోకుండా పంపింది. ఫొటోలోని ప్రతి గుర్తునూ ఇమ్మానుయేల్ తండ్రి అరచేతి మీద వేలితో గీసి చూపించాడు. పౌలు ఒక్కొక్కటే చెప్పుకుపోయాడు. చేప వాల్యాది. రెండు అడ్డగీతలు పెద్ద నర్సయ్యవి. చంద్రవంక ఎల్లయ్యది. కొన్నిచోట్ల ఆగి, "యాదికొస్తలేదు" అన్నాడు.

మొత్తం లెక్క ఇది. పళ్లేలు ముప్పైకి ఇరవై తొమ్మిది పంపినందుకు జ్యోత్స్న పట్టుకున్న నాలుగు వందలు పోను, ఖర్చులు పోను, మిగిలింది ఆరు వేల రెండు వందలు. అందులో మూడు వేలు సమాధి రాయికి పోయాయి. రాయి కింద మనిషి లేడు, పైన పేరూ తేదీ ఉన్నాయి. ఇంటికి వచ్చిన పళ్లేలు రెండు. పన్నెండు గుర్తుల్లో పౌలుదీ బుచ్చిదీ కలిపి పేర్లు దొరికినవి ఎనిమిది. నాలుగు ఎవరివో తెలియలేదు. కొవ్వొత్తులు మూడు కొన్నారు, మూడూ వెలిగించారు.